మజ్రాలో నేర్చిన పని, మా ఊరి వాన

గల్ఫ్‌లో మేకలు కాసి వచ్చినవాళ్ళను మా జగిత్యాల దిక్కు పనిమంతుల లెక్కలో వేయరు. డ్రైవర్, ఎలక్ట్రీషియన్, షట్టరింగ్ మేస్త్రీ అంటే చేతిలో పని ఉన్నట్టు. మేకల కాడ ఉన్నాడంటే మాత్రం ‘అయ్యో పాపం’ అని మాట మార్చేస్తారు. కష్టం సంగతి నిజమే. కానీ అది పనే కాదంటే నేను ఒప్పుకోను. పాలమేకను సాకడం నేర్చుకుంటేనే వచ్చే పని. నేను ఇక్కడ గల్ఫ్‌లో నేర్చుకున్నాను, ఇప్పుడు ఊళ్ళో నా భార్య నేర్చుకుంటోంది.

నేనుండేది ఒమన్‌లో బాతినా తీరం. తోటపని అని చెప్పి ఏజెంటు పంపించాడు. వచ్చి చూస్తే మజ్రాలో, అంటే తోటలో, ఖర్జూరం చెట్ల వెనక మేకల దొడ్డి. అర్బాబ్ (యజమాని) ఇంటికి పాలు, లబన్ (మజ్జిగ) ఈ మంద నుంచే పోవాలి. పొడుగు చెవులు, వంపు ముక్కు ఉన్న షామీ మేకలు కొన్ని, మిగతావి ఇక్కడి బాతినా జాతివి. నాకు పని నేర్పింది అప్పటికే అక్కడున్న ఒక బంగ్లాదేశీ చాచా. మొదట్లో ఆయన నన్ను పొదుగు ముట్టనివ్వలేదు. మేత వేసి, వెనక్కి వచ్చి, నిలబడి చూడమనేవాడు. ఏది ఉరికొచ్చింది, ఏది వెనకబడింది, ఏది తల దించుకుంది. మేక తన జబ్బును చివరిదాకా బయటపడనివ్వదు, మేత దగ్గర మాత్రం దొరికిపోతుంది. ఆ తర్వాత ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి కడుపు కదులుతోందో లేదో చూడాలి. నెమరు వేస్తోందా, పెంటికలు విడివిడిగా గట్టిగా ఉన్నాయా, అదీ చూడాలి. రోజుకు రెండుసార్లు ఇంత చూపు లేనివాళ్ళు ఎంత మంచి జాతి కొన్నా నష్టమే అని నా నమ్మకం.

పాలు పిండేటప్పుడు కొత్తవాళ్ళు చన్ను పట్టి లాగుతారు. లాగకూడదు. బొటనవేలు, చూపుడువేలితో చన్ను పైభాగం బిగించి, పాలు మళ్ళీ పొదుగులోకి ఎక్కకుండా ఆపాలి. అప్పుడు మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు వరసగా మూయాలి. మొదటి రెండు మూడు ధారలు గిన్నెలో పడొద్దు, నల్లగుడ్డ మీద పడాలి. తరకలో, ఎర్రజీరో కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. ఆ మేకను అన్నింటికన్నా చివర పిండాలి, ఆ పాలు వేరే పారబోయాలి. అయ్యాక చన్నుల్ని అయోడిన్ మందులో ముంచి, కాసేపు పడుకోకుండా ముందర మేత వేయాలి. పిండిన వెంటనే చన్ను రంధ్రం తెరుచుకొనే ఉంటుంది, పెంటలో పడుకుంటే రోగం అక్కడి నుంచే ఎక్కుతుంది. ఇదంతా నా భార్యకు వీడియో కాల్‌లోనే చూపించాను. నల్లగుడ్డ కోసం ఆమె నా పాత ప్యాంటు చింపింది.

ఇక్కడ ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించొద్దని ఒమన్‌లో రూల్ ఉంది. కానీ నీళ్ళ తొట్టి కాగిపోయేది ఆ టైములోనే. వేడినీళ్ళు మేక ముట్టదు, నీళ్ళు తాగకపోతే సాయంత్రం పాలు పడిపోతాయి. అందుకని తలకు తడిగుడ్డ చుట్టుకొని పోయి నీళ్ళు మారుస్తాను. మేత అంతా తెచ్చి వేసేదే: బర్సీం గడ్డి, బార్లీ, ఖర్జూరాలు. ఈ తీరంలో పశువులకు ఎండబెట్టిన చిన్నచేపలు కూడా పెడతారు.

ఊళ్ళో పది మేకలతో మొదలుపెడదామని నా భార్య అన్నది. నాలుగు చాలన్నాను. ఒక్కటే కొంటే అది ఒంటరిగా అరిచి అరిచి మేత మానేస్తుంది, పది కొంటే కొత్త మనిషికి ఏ మేక సంగతీ తెలియదు. జమునాపారి కొనమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. చూడడానికి రాజసంగా ఉంటుంది గానీ అది యమున, చంబల్ ఒడ్డున పుట్టిన జాతి, మా వానల్లో దాన్ని నిలబెట్టడం మొదటిసారి సాకేవాళ్ళ పని కాదు. నిజ్వాలో శుక్రవారం సంతలో మేకల్ని గుండ్రంగా తిప్పుతుంటే కొనేవాళ్ళు ఆపి ఆపి పళ్ళు, పొదుగు చూస్తారు. మా అంగట్లోనూ అట్లాగే చూడమన్నాను. కవల పిల్లల్ని పెంచిన నాటుమేకలే కొన్నది. ఒక్కోటి రోజుకు అరలీటరు, మహా అయితే లీటరు పాలిస్తుంది.

మజ్రా పద్ధతి మా ఊళ్ళో సరిపోదని తెలిసింది వానాకాలం వచ్చాకే. ఇక్కడ ఎండకు చచ్చే నట్టలు (కడుపు పురుగులు) అక్కడ తడిగడ్డిలో పెరుగుతాయి. ఒకరోజు పొద్దున్నే నా భార్య ఫోన్.

“ఎర్రమేక మేత ముట్టుతలేదయ్యా. కింది రెప్ప లాగి చూసిన, తెల్లగ పాలిపోయింది.”

“మిగతా మూడింటివి?”

“ఎర్రగనే ఉన్నయి.”

రెప్ప లోపల ఎరుపు పోయిందంటే కడుపులో నట్టలు రక్తం పీలుస్తున్నాయన్నమాట. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వచ్చింది. మందు ఆ ఒక్కదానికే, బరువు చూసి వేశారు. అన్నింటికీ మాటిమాటికీ నట్టల మందు పోస్తే నట్టలు మందుకు అలవాటుపడతాయి, తర్వాత ఏ సీసా పనిచేయదు. అప్పటి నుంచి మంచు ఆరేదాకా మేకల్ని బయటికి తోలదు. నట్టల పిల్లలు ఉండేది తడిగడ్డి మొదళ్ళలో కాబట్టి సుబాబుల్, అవిస కొమ్మలు తల ఎత్తులో కడుతుంది. మేకకు సహజంగా ఇష్టమైన తిండి కూడా అదే. మక్కల నూక, పల్లిపిండి పెంచాలంటే పది పదిహేను రోజుల్లో కొద్దికొద్దిగా పెంచుతుంది. ఒక్కసారే పోస్తే కడుపు పులిసి మేక పడిపోతుంది.

ఈత సంగతి ఆమెకే నాకంటే బాగా తెలుసు, చిన్నప్పుడు పుట్టింట్లో చూసింది. చూలు ఐదు నెలలు. ఈనడానికి రెండు నెలల ముందే పిండడం ఆపాలి. పిల్ల పుట్టిన గంట రెండు గంటల్లో ముర్రుపాలు కడుపులో పడాలి, ఆలస్యమైన కొద్దీ వాటి బలం పిల్లకు ఎక్కదు. నేను అడ్డం చెప్పింది ఒక్క విషయంలోనే: ఈసుకుపోయిన (నెలలు నిండకముందే పడిపోయిన) పిల్లనూ, మాయనూ ఒట్టి చేతులతో తీయొద్దని. గల్ఫ్ దేశాల్లో బ్రూసెల్లా జ్వరం ఈ దారిలోనూ మనుషులకు పాకుతుంది, నెలల తరబడి ఒళ్ళునొప్పులతో మంచాన పడేస్తుంది. పచ్చిపాలతోనూ వస్తుంది. డెంగ్యూ రోజుల్లో మేకపాల కోసం జనం ఇంటిదాకా వస్తారు. వాటితో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి రుజువు లేదు. ఆ మాటా, కాచి తాగమన్న మాటా చెప్పే పోస్తుంది. చెప్పాక కొందరు కొనకుండా పోతారు, పోనీయమన్నాను.

మృగశిరకు ముందు చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. తొలకరి లేతగడ్డి కడుపునిండా మేసి రాత్రికి రాత్రే చచ్చే చిటుకరోగానికి మే నెలలోనే టీకా వేయించాలి. పారుడు రోగం టీకా మూడేళ్ళదాకా పనిచేస్తుంది, నాలుగు నెలలు దాటిన పిల్లలకు వేయించడం మిగిలింది. కొట్టంలో నేల తడిస్తే గిట్టలు కుళ్ళుతాయి కాబట్టి కర్రలతో మంచె కట్టించాలి. ఈ నెల జీతంలో దానికే పక్కన పెట్టాను. ఐదో మేక మాట ఆ తర్వాతే.