వాచిన కీళ్ల లెక్క

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు అరచేతితో కలిసే చోట మొదలైంది. ఒడిశాలోని బరంపురంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పే నాకు 2018 చలికాలంలో మొదటి పీరియడ్‌లో సుద్దముక్క పట్టు చిక్కేది కాదు; రెండో పీరియడ్ ముగిసే వేళకు వేళ్లు కాస్త స్వాధీనంలోకి వచ్చేవి. వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల దీనికి వ్యతిరేకంగా నడుస్తుంది. అందులో పనిచేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. లేవగానే గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోయి ఉండి కదిలించేకొద్దీ సడలడం, రెండు చేతుల్లోనూ ఒకే వరుస కీళ్లు వాచడం, వాచిన చోట నొక్కితే ఎముకలా గట్టిగా కాక మెత్తగా తగలడం అనేవి రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల లోపలి పొర మీదే దాడి చేస్తున్నప్పటి లక్షణాలు. ఈ తేడా నాకెవరైనా చెప్పేసరికి ఎడమచేతి వేళ్లు, రెండు మణికట్లు, అరికాళ్ల ముందుభాగం కూడా వాచి ఉన్నాయి.

"ఏటమ్మా, చేతులిలా వాచిపోనాయి? మళ్లీ ఆ గున్యా ఏమైనా వచ్చిందేటి?" అని మా వీధిలోని పెద్దావిడ అడిగింది. ఆమె అనుమానం తేలికగా కొట్టిపారేయదగినది కాదు. 2006లో చికున్‌గున్యా ఇటు ఒడిశానూ అటు ఆంధ్రనూ కుదిపేసినప్పుడు, జ్వరం తగ్గిన నెలల తరవాత కూడా చిన్న కీళ్ల నొప్పులు వదలనివారు చాలామంది ఉండేవారు, ఆ నొప్పులను రుమటాయిడ్ జబ్బు నుంచి విడదీసి చెప్పడం వైద్యులకూ ఒక్కోసారి కష్టమే. నాకు మాత్రం జ్వరం రాలేదు. దగ్గరలోని ఒక క్లినిక్‌లో ఇచ్చిన పేరులేని పొట్లం మాత్రలతో మూడో రోజుకే చేతులు పూర్వంలా తిరిగాయి, కొన్ని వారాలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, మాత్రలు ఆగగానే నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. ఆ పొట్లంలో ఉన్నది స్టెరాయిడ్ అని విశాఖపట్నంలోని రుమటాలజిస్టు (ఇటువంటి కీళ్లజబ్బుల డాక్టరు) నా ముఖం చూడగానే చెప్పారు. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ మంచం దిగలేని రోగులకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు కూడా ఇటువంటి అద్భుతమే కనిపించింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పెద్ద మోతాదులో ఎక్కువకాలం వాడితే జరిగే హాని ఆ వెంటనే బయటపడింది. మా డాక్టరుగారు కూడా స్టెరాయిడ్ ఇచ్చారు కాని, అసలు మందులు పని అందుకునేదాకా మాత్రమే, చిన్న మోతాదులో, మానేసే తేదీని ముందే చీటీ మీద రాసి ఇచ్చారు.

ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు దాటి విశాఖ వెళ్లే రైలు బరంపురం తెలుగువారికి ఆసుపత్రి రైలు వంటిదే. ఆ తొలి పరీక్షలో నన్ను ఆశ్చర్యపరచింది రక్తపరీక్షల జాబితా కాదు. డాక్టరుగారు నా కీళ్లను ఒక్కొక్కటిగా బొటనవేళ్లతో నొక్కుతూ, "నొప్పి ఉంది, వాపు ఉంది, నొప్పి ఉంది, వాపు లేదు" అని పక్కనున్న జూనియర్ చేత బొమ్మ మీద గుర్తు పెట్టించారు. రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, రెండు మోకాళ్లు, రెండు చేతుల వేళ్ల మొదలు కీళ్లూ నడిమి కీళ్లూ కలిపి ఇరవై, మొత్తం 28. నొప్పి ఉన్న కీళ్ల సంఖ్య, వాపు ఉన్నవాటి సంఖ్య, ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష, నా ఆరోగ్యం ఎలా ఉందని నాకు అనిపిస్తున్నదో నూటికి నేను వేసుకున్న మార్కు, ఈ నాలుగూ ఒక సూత్రంలో పడితే వచ్చేది డీఏఎస్28 స్కోరు. 5.1 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు, 2.6 కన్నా తగ్గితే అణిగినట్టు లెక్క. నాది మొదటి వైపు ఉంది. ఆ సూత్రంలో వర్గమూలాలూ సంవర్గమానమూ ఉన్నాయని తెలిసి ఇంటికి వచ్చాక కాగితం మీద నేనే చేసి చూసుకున్నాను. పాదాల కీళ్లను ఆ 28లో చేర్చకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నిలబడి పాఠం చెప్పేవాళ్లకు అరికాలి నొప్పే పెద్ద నొప్పి. ఆ మాట అంటే డాక్టరుగారు నవ్వి, "స్కోరులో లేకపోయినా పాదాలు నేను చూస్తానమ్మా" అన్నారు. చూశారు కూడా.

రక్తంలో యాంటీ సీసీపీ ఎక్కువగా ఉంది. అదీ, ఆర్‌ఏ ఫ్యాక్టరూ ఈ జబ్బును పట్టుకోవడానికి రక్తంలో వెతికే యాంటీబాడీలు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ జబ్బు లేనివారిలోనూ కనిపించవచ్చు, జబ్బున్న కొందరిలో కనిపించకపోవచ్చు. యాంటీ సీసీపీ అంతకన్నా నమ్మదగిన సాక్ష్యం. ఇంట్లో ఎవరికైనా ఉందా, పొగ తాగే అలవాటుందా అని ఆయన అడిగారు. నాకు లేదు. సోంపేట దగ్గర ఉండే మా అమ్మమ్మ, ఆ తీరంలోని చాలామంది ఆడవాళ్లలాగే, చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, చివరి ఏళ్లలో ఆమె వేళ్లన్నీ చిటికెనవేలి వైపు ఒరిగిపోయి ఉండేవి. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువులు కొన్ని రకాలవి ఉన్నవారిలో పొగాకు ఈ జబ్బు ముప్పును బాగా పెంచుతుందని స్వీడన్‌లో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. ఆమెకున్నది ఇదే జబ్బని, చుట్ట వల్లే వచ్చిందని ఇప్పుడు నేను తీర్పు చెప్పలేను. ఇంట్లో దాన్ని వాతమనే అనేవారు, గంజాం చుట్టుపక్కల ఏ కీలు నొప్పికైనా అదే పేరు.

వైద్యం మొదలయ్యాక డాక్టరుగారు పెట్టిన షరతు ఒకటే: నొప్పి ఉన్నా లేకపోయినా నెలకోసారి వచ్చి కీళ్లు లెక్క పెట్టించుకోవాలి, స్కోరు అనుకున్న గీత దిగకపోతే ఆ రోజే మందు పెంచాలి. ఓర్చుకోగలిగిన నొప్పికి ఇంతదూరం రావడం ఎందుకని నేను అడిగాను. ఆయన గ్లాస్గోలో జరిగి 2004లో ప్రచురితమైన ఒక పరిశోధన గురించి చెప్పారు. సుమారు 110 మంది రోగులను చీట్లు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు పద్ధతిలో, మూడు నెలలకోసారి డాక్టరు చూసి తన విచక్షణ కొద్దీ మందు రాయడం. రెండో గుంపుకు నెలనెలా స్కోరు లెక్కకట్టి, అది గీత పైన ఉంటే ముందే రాసిపెట్టుకున్న వరుసలో మందు పెంచడం, వాచిన కీలులోకి సూదిమందు ఇవ్వడం. పద్దెనిమిది నెలల తరవాత మామూలు గుంపులో 16 శాతం మందికి జబ్బు అణిగితే, లెక్క పెట్టిన గుంపులో 65 శాతం మందికి అణిగింది. రెండు గుంపులకూ అందుబాటులో ఉన్నవి అవే పాత మందులు. కొత్త మందు ఏదీ కనిపెట్టకుండా, ఉన్న మందులను ఎప్పుడు పెంచాలన్న నిర్ణయాన్ని సంఖ్యకు కట్టడం వల్ల ఇంత తేడా వచ్చిందంటే నేను నమ్మలేకపోయాను. మా తమ్ముడి సాయంతో ఆ వ్యాసపు సారాంశం తెప్పించుకుని చదివాను. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి నాకు ఇది ఎక్కువ రుచించి ఉండవచ్చు. కాని ఓర్చుకోగలిగిన నొప్పి కింద ఎముక కరుగుతూనే ఉంటుందన్నది నా ఎడమ ఉంగరపువేలి ఎక్స్‌రేలోనే కనిపించింది, ఆ కరిగిన అంచు ఏ మందుతోనూ తిరిగి రాదు.

నాకు రాసిన మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి. "ఇది క్యాన్సర్ మందు కదమ్మా, మీకెందుకు రాశారు?" అని మందుల షాపు అబ్బాయి అడిగితే మా అత్తయ్య ముఖం పాలిపోయింది. క్యాన్సర్‌కు వాడే మోతాదు ఎంతో పెద్దది. కీళ్లకు వారానికి 15 నుంచి 25 మిల్లీగ్రాములు. ఈ మందు కథ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దాకా వెళ్తుందని నేను తరవాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది, ఆ ఆమ్లానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ వంటి పదార్థాలూ అక్కడి నుంచే వచ్చాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను 1951లో గబ్నర్ అనే వైద్యుడు కీళ్లజబ్బుకు వాడి చూశాడు. ఆపైన ముప్పై ఏళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1985లో ఫలితాలు వెలువడిన పద్ధతైన పరీక్షల తరవాతే 1988లో అమెరికాలో మెథోట్రెక్సేట్‌కు ఈ జబ్బుకై అనుమతి వచ్చింది. నేను శనివారం రాత్రి ఆ మాత్ర వేసుకుంటాను, వికారం పెడితే ఆదివారం సెలవు ఉంటుంది కనుక. ఆ మందు దుష్ప్రభావాలు తగ్గేందుకు మంగళవారం ఫోలిక్ ఆమ్లం వేసుకుంటాను. విరోధులైన ఆ రెండు మాత్రలూ ఒకే తెలుగువాడి ప్రయోగశాల వైపు చూపిస్తాయన్నది మా స్టాఫ్ రూమ్‌లో నేను ఎన్నిసార్లో చెప్పిన మాట. ఫోలిక్ ఆమ్లం ఎంత కావాలన్న ప్రశ్నకు సమాధానం మన దేశంలోనే వచ్చింది: చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వైద్యులు 100 మందికి వారానికి 10 మిల్లీగ్రాములు, 30 మిల్లీగ్రాములు ఇచ్చి పోల్చి, ఎక్కువ ఇచ్చినందువల్ల అదనపు లాభం లేదని 2015లో ప్రచురించారు. ఈ వారపు మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే డాక్టరుగారు చీటీలో వారం పేరు ఎర్రసిరాతో రాస్తారు, నేను మిగతా మాత్రల డబ్బాలో దీన్ని పెట్టను.

మెథోట్రెక్సేట్ ఒక్కదానితో స్కోరు కొంత దిగి ఆగిపోయింది. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు, "అక్కా, డబ్బు గురించి ఆలోచించకు, బయోలాజిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టించుకో" అని పట్టుబట్టాడు. లండన్‌లో మైనీ, ఫెల్డ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1990ల మొదట్లో ఒంట్లో వాపు రేపే టీఎన్‌ఎఫ్ అనే ఒక్క పదార్థాన్ని అడ్డుకుంటే వాపులు దిగిపోతాయని నిరూపించిన నాటి నుంచి ఆ సూదిమందులు ఎందరినో మంచం మీంచి లేపాయి. డాక్టరుగారు వాటిని కాదనలేదు గాని, ముందు సల్ఫసాలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి చూద్దామన్నారు. దానికి ఆధారం 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం. మెథోట్రెక్సేట్ చాలని 353 మందిలో సగం మందికి ఈ రెండు చవక మాత్రలు, మిగతా సగానికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఎటనర్సెప్ట్ సూదిమందు చేర్చి, ఆరు నెలల్లో గుణం కనిపించనివారిని ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చారు. ఏడాది చివర రెండు దారుల ఫలితమూ దాదాపు సమానంగా తేలింది. దారి మార్చుకోవలసి వచ్చినవారూ రెండు వైపులా సుమారు నాలుగో వంతే. పైగా టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు నిద్రాణంగా ఉన్న క్షయను మేల్కొలపగలవని 2001 నుంచీ తెలుసు, క్షయ ఇంత విస్తారంగా ఉన్న మన ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. మాత్రలతో కుదరనివారికి సూదిమందు ఆలస్యం చేయడం అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. కాని ఖరీదైనదే మొదటిది కావాలన్న పట్టుదల ఆ 353 మంది ఫలితం ముందు నిలవదు. నాకు మూడు మందులూ కలిశాక నాలుగో నెల దాటేసరికి స్కోరు, జబ్బు తక్కువ స్థాయిలో ఉన్నట్టు లెక్కించే 3.2 కిందికి దిగింది.

అంతలో 2020 వచ్చింది. మార్చిలో కరోనా నివారణకు వైద్య సిబ్బంది హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడవచ్చని సలహా వెలువడగానే మందుల షాపుల్లో ఆ మాత్ర మాయమైంది, ఆపైన అమ్మకం మీద ఆంక్షలు వచ్చాయి. ఇచ్ఛాపురం వెళ్లి తెద్దామంటే సరిహద్దు మూసి ఉంది. మా వారు బరంపురంలో షాపు షాపూ తిరిగి దొరికినంత తెచ్చారు, మధ్యలో కొంతకాలం రెండు మందులతోనే నెట్టుకొచ్చాను. ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు ఆ మందు ఉపయోగపడదని జూన్‌లో బ్రిటన్‌లోని పెద్ద పరీక్ష తేల్చింది. ఆక్సిజన్ అవసరమైనవారి ప్రాణాలు కొన్నింటిని కాపాడింది చవకైన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అని కూడా అదే తేల్చింది. ఆ నెలల్లో విశాఖ ప్రయాణం లేదు. డాక్టరుగారు ఫోన్‌లో నేర్పిన ప్రకారం నా కీళ్లు నేనే నొక్కి లెక్క పెట్టి, స్థానికంగా చేయించిన రక్తకణాల, కాలేయపు పరీక్షల ఫలితాలతో పాటు వాట్సాప్‌లో పంపేదాన్ని. నొప్పి లెక్క బాగానే కుదిరేది. వాపు లెక్కలో నాకూ ఆయనకూ తేడా వచ్చేది.

వ్యాయామం సంగతి మందులంత త్వరగా ఎవరూ చెప్పరు. ఇంగ్లండ్‌లో 490 మంది మీద జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, చేతివేళ్లను సాగదీసే, బలపరచే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో చేసినవారి చేతులు ఏడాది తరవాత కూడా మెరుగ్గా పనిచేశాయి, జబ్బు దానివల్ల ఎక్కువ కాలేదు. అక్కడ వాడిన సాగే ముద్ద మాకు దొరకలేదు. మా అత్తయ్య అప్పడాల కోసం దంచిన మినప్పిండి ముద్దలోంచి ఒక ఉండ తీసి నా చేతిలో పెట్టేది. పిసికి, నొక్కి, వేళ్ల మధ్య చీల్చి తిరిగి ఇచ్చాక ఆమె దాన్ని మరోసారి నూనెతో మర్దించి అప్పడం వత్తేది. వాపు ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం బలం పెట్టకుండా వేళ్లు ముడిచి తెరవడంతో సరిపెట్టేదాన్ని.

ఇప్పుడు స్కోరు చాలాకాలంగా 2.6 కింద ఉంది. ఎడమ ఉంగరపువేలు పూర్తిగా చాచదు, బోర్డు మీద ఒక పీరియడ్ ఏకధాటిగా రాస్తే సాయంత్రానికి మణికట్టు పట్టేస్తుంది, మిగతా పనులు జబ్బుకు ముందులాగే చేసుకుంటున్నాను. హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల కంటి వెనకపొర (రెటీనా) దెబ్బతినే వీలుంది కాబట్టి కళ్ల పరీక్ష తప్పనిసరి. మందులు తగ్గించమని అడిగితే డాక్టరుగారు నార్వేలో 2021లో ప్రచురించిన ఫలితాలు ముందు పెట్టారు. జబ్బు అణిగి ఉన్న 160 మందిలో మందులు అలాగే కొనసాగించినవారిలో 6 శాతానికి, సగానికి తగ్గించినవారిలో 25 శాతానికి ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది. ఆయన ఆ 25ను చూపించారు. తగ్గించినా తిరగబెట్టని 75ను నేను చూపించాను. ఇద్దరమూ చదివింది ఒకే పట్టిక. చివరికి మెథోట్రెక్సేట్ జోలికి పోకుండా సల్ఫసాలజైన్ ఒక్కదాన్నే సగం చేయాలని, అదీ పదో తరగతి పరీక్షల పేపర్లు దిద్దడం పూర్తయ్యాకే మొదలుపెట్టాలని ఒప్పుకున్నాం. స్కోరు మళ్లీ 3.2 దాటితే మరుసటి రోజు నుంచే పాత మోతాదుకు వెళ్లాలని ఆయన చీటీలో రాశారు.