ఫ్లూ జ్వరం, రెండు గదుల మధ్య నా తిరుగుడు

నాకు ఐదో నెల. పోయిన వారం ఫ్లూ వచ్చింది, మొన్నటికి జ్వరం పూర్తిగా పోయింది. నీరసం ఇంకా ఉంది కానీ, కోపం చల్లారకముందే ఇది రాయాలి.

మొదటి రాత్రి 102 జ్వరం. పారాసిటమాల్ వేసుకుంటే తగ్గింది. తెల్లారి ఆస్పత్రికి వెళ్లాం.

జనరల్ డాక్టరు నా పొట్ట చూడగానే "కడుపుతో ఉన్నారు, గైనిక్‌కి చూపించుకోండి" అన్నారు. అక్కడ నర్సు గుమ్మంలోనే ఆపేసి "జ్వరం, దగ్గు ఉంటే లోపలికి రాకూడదు, కిందికే వెళ్లండి" అంది. మూడుసార్లు మెట్లెక్కి దిగాను. చివరికి కింద ఆ డాక్టరుగారినే ఒక్క మాట అడిగాను: "దీనివల్ల బిడ్డ మెదడుకి ఏమన్నా అవుతుందా అండీ?" ఆయన తలెత్తకుండానే "అవీ ఇవీ చదివొచ్చి మా బుర్ర తినకండి" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. మాస్కు లోపల ఏడుపు దిగమింగుకుంటుంటే దగ్గు తెర వచ్చింది. పక్క కుర్చీలో ఆవిడ తన పిల్లాడిని అవతలికి లాక్కుంది.

కడుపులో బిడ్డ గురించి తల్లి అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

మర్నాడు మా వదిన చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ముందు మందు రాశారు. ఫ్లూకి ఒసెల్టామివిర్ 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుందట, గర్భిణులకి ఇస్తారట. నాకప్పటికే 40 గంటలు దాటాయి. ఆ మెట్ల మీద పోయింది నా రోజు!

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. ఫ్లూ వైరస్ మామూలుగా మాయ దాటి బిడ్డ దాకా పోదు. వైరస్‌తో పోరాడేటప్పుడు తల్లి ఒంట్లో ఐఎల్-6 లాంటి రసాయనాలు (వాపు, జ్వరం పుట్టించేవి) పెరుగుతాయి, ఆలోచించాల్సింది వాటి గురించి, తగ్గని జ్వరం గురించి. కడుపుతో ఉన్న ఎలుకల్లో ఐఎల్-6 పెరిగితే వాటి పిల్లల మెదడు ఎదుగుదలలో, ప్రవర్తనలో తేడాలు కనిపించాయి. 1957 ఫ్లూ అప్పుడు కడుపులో ఉన్నవాళ్లని ఫిన్లాండ్‌లో పరిశీలిస్తే స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుతో సంబంధం ఉన్నట్టు తేలింది, కానీ తర్వాతి పరిశోధనల్లో కొన్ని దాన్ని బలపరచలేదు. ఫ్లూ వచ్చిన తల్లుల పిల్లల్లో చాలామంది మామూలుగానే ఎదుగుతారు. తీవ్ర జ్వరంతో వెన్నెముక లోపాల భయం మొదటి నెలలో ఎక్కువ, నాకది దాటిపోయింది.

ఫ్లూ టీకా ఇంజెక్షన్ ఏ నెలలోనైనా వేయించుకోవచ్చట. పుట్టిన ఆరు నెలల దాకా బిడ్డకి ఆ టీకా వేయరు, తల్లి నుంచి వెళ్లిన రక్షణే ఆధారం. ఇన్ని చెకప్‌లకి వెళ్లాను, ఒక్కరూ చెప్పలేదు. మీరే అడగండి.

నిన్న అనామలీ స్కాన్, అదే బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయా అని చూసే స్కాన్, అయింది. మెదడు ఆకారం బాగుంది. అది ఎలా పనిచేస్తుందో స్కాన్‌లో తెలియదని కూడా డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. మధ్యలో నాకు దగ్గొచ్చింది. తెరమీద బిడ్డ ఒక్కసారి ఎగిరిపడి, మళ్లీ చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుంది.