'వై' ఒక్కటే మిగిలింది

మొన్న ఆదివారం మా మామ బుక్కరాయసముద్రం దగ్గరున్న తోట నుంచి బోరు మోటరు ఆటో స్టార్టర్‌లోని బోర్డు విప్పి సంచిలో వేసుకొచ్చాడు. కరెంటొస్తే లైట్లు వెలుగుతున్నాయట, మోటరు మాత్రం ఎత్తుకోదు. "రిపేరీ అంగట్లో కొత్తది కొనుక్కోమంటాండారు, నువ్వన్నా సూడప్పా" అన్నాడు. ఈ ఎండల్లో నీళ్లు ఆగితే చీనీ పిందె నిలవదు, కాబట్టి ఆయన టెన్షన్ నాకూ అంటుకుంది.

12 వోల్టుల అడాప్టర్ ఇచ్చి చూశా. బోర్డు లేస్తోంది గానీ స్టార్ట్ రిలే (మోటరును ఆన్ చేసే, కాయిల్‌తో నడిచే స్విచ్) టిక్ అనట్లేదు. భూతద్దం పెట్టి వెతికితే రిలే పక్కన మూడు కాళ్ల నల్ల ముక్క, అంటే ఆ రిలేను నడిపే ట్రాన్సిస్టర్, సాట్-23 అనే సైజుది, నిండా 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, నడిమధ్య పేలి బొక్క పడింది. పైనున్న కోడ్‌లో చివరి 'వై' ఒక్కటే మిగిలింది.

అంత చిన్న ముక్క మీద పూర్తి నంబరు పట్టదు కదా, అందుకే రెండు మూడు అక్షరాల కోడ్ వేస్తారు. చిక్కేమిటంటే అదే కోడ్‌ను ఒక్కో కంపెనీ ఒక్కో పార్టుకు పెట్టుకుంటుంది. 'వై'తో ముగిసేవి నాకు గుర్తున్నవి రెండు: జే3వై, అంటే ఎస్8050, ఎన్‌పీఎన్, 2టీవై, అంటే ఎస్8550, పీఎన్‌పీ. రెండూ ట్రాన్సిస్టర్లే గానీ, కరెంటు పారే దిశలో ఒకదానికొకటి తలకిందులు.

ఇక కోడ్ పక్కన పెట్టి, పేలిన ముక్కను తీసేసి, మల్టీమీటర్‌ను బీప్‌లో (రెండు చోట్లు కలిసుంటే మోగే సెట్టింగ్) పెట్టి ట్రాకుల వెంట పడ్డా. ఒంటరిగా ఉన్న కాలు రిలే కాయిల్‌కు పోతోంది, కాయిల్ రెండో కొస నేరుగా 12 వోల్టులకు. జంట కాళ్లలో ఒకటి గ్రౌండ్‌కు. ఇంకోటి '102' అని ఉన్న రెసిస్టర్ (1 కిలో ఓమ్) మీదుగా మైక్రోకంట్రోలర్‌కు (బోర్డును నడిపే చిప్), ఆ కాలి నుంచే '103' (10 కిలో ఓమ్) గ్రౌండ్‌కు. కాయిల్‌ను కింద గ్రౌండ్ వైపు తెంచి కలుపుతోందంటే పీఎన్‌పీ కాదు, అక్కడితో సగం తేలిపోయింది.

ఎన్-ఛానెల్ మాస్‌ఫెట్ (వోల్టేజీతో నడిచే ఇంకో రకం ట్రాన్సిస్టర్) అయితే? సాట్-23లో దానికీ మామూలుగా కాళ్ల వరుస అదే, బేస్ (ఆన్-ఆఫ్ సంకేతం అందే కాలు) చోట గేట్, ఎమిటర్ (ఇక్కడ గ్రౌండ్‌కు పోయే కాలు) చోట సోర్స్, కాబట్టి ట్రాకులు చూసి చెప్పలేం. కానీ మామకు కావాల్సింది దాని పేరు కాదు, అది చేసే పని. కాయిల్ 400 ఓమ్‌లు చూపించింది, 12 వోల్టులకు 30 మిల్లీఆంపులు. మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టులిస్తే 1 కిలో ఓమ్ గుండా బేస్‌కు రెండున్నర మిల్లీఆంపులు వస్తాయి, మామూలు ఎన్‌పీఎన్‌కు అది ధారాళం.

ఇంట్లో 100 మిల్లీఆంపులు, 45 వోల్టులు తట్టుకునే బీసీ547 అనే ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ఉంది, పెద్ద కాళ్లది. కాళ్లు వంచి, కలెక్టర్ (కాయిల్ వైపు కాలు), బేస్, ఎమిటర్ ఎటో రెండుసార్లు సరిచూసుకుని అతికించా. చూడ్డానికి దిష్టిబొమ్మలా ఉంది, ఉండనీ.

కరెంటు ఇవ్వబోయి ఆగా. అసలిది ఎందుకు పేలింది? కాయిల్ ఆఫ్ అయినప్పుడు ఎదురుతన్నే వోల్టేజీని మింగడానికి పక్కన ఎం7 డయోడ్ ఉంది, అంటే 1ఎన్4007కు ఎస్ఎండీ రూపం. బోర్డు మీదే కొలిస్తే రెండు వైపులా 0.4 వోల్టు వచ్చింది, షార్ట్ కాలేదులే అనుకున్నా. తీరా చూస్తే మీటర్ చదువుతున్నది డయోడ్‌ను కాదు, దానికి సమాంతరంగా ఉన్న కాయిల్‌ను! ఒక కొస లేపి మళ్లీ కొలిస్తే ఏ వైపూ ఏమీ లేదు, ఓపెన్, అంటే లోపల తెగిపోయింది. దాన్ని మార్చకపోయుంటే నా బీసీ547 కూడా పోయేదే. పాత అడాప్టర్ బోర్డు నుంచి ఇంకో ఎం7 పీకి వేశా. టిక్.

అదే బోర్డులో స్టాప్ రిలేను నడిపే ట్రాన్సిస్టర్ మీద నల్ల జిగురు కాళ్లతో సహా ముద్దలా కప్పేసి ఉండటంతో ముందు దాని జోలికి పోలేదు. అంతా అయ్యాక ఊరికే కుతూహలం కొద్దీ మా ఆవిడ నెయిల్ పాలిష్ రిమూవర్‌తో దూదిపుల్ల తడిపి రుద్దా. పది నిమిషాలకు అక్షరాలు కనబడ్డాయి: జే3వై.