ఒకే నెట్, రెండు కంప్యూటర్లు

ఇంట్లోకి రెండో కంప్యూటర్ రాగానే చాలామంది రౌటర్ కొనడానికి బయల్దేరతారు. ముందు ఇంట్లో ఉన్న నెట్ డబ్బాని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. లాన్ పోర్టులు (కంప్యూటర్ కేబుళ్లు పెట్టే రంధ్రాలు) రెండో నాలుగో ఉండి, కంప్యూటర్‌కి వచ్చిన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) 192.168తో మొదలవుతుంటే ఆ డబ్బాలోనే రౌటర్ ఉన్నట్టు. రెండో కంప్యూటర్ నుంచి కేబుల్ తెచ్చి ఖాళీ పోర్టులో పెడితే చాలు, పని అయిపోతుంది. అలా కాకుండా నెట్ కావాల్సిన ప్రతిసారీ కంప్యూటర్‌లోనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అవ్వాల్సి వస్తుంటే మాత్రం మీ డబ్బా ఉత్త మోడెమ్‌లాగే, అంటే బయటి నెట్‌ని ఇంట్లోకి తేవడం వరకే పనిచేస్తోంది.

మోడెమ్‌కి ఒక నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లని ఒకచోట కలిపే చిన్న పెట్టె) తగిలించి రెండు కేబుళ్లూ అందులో పెడితే సరిపోదా అంటే, సాధారణంగా సరిపోదు. ప్రొవైడర్ ఇంటికి ఇచ్చేది ఒక్క అడ్రసే. రౌటర్ దాన్ని తన దగ్గర ఉంచుకుని, లోపలున్న కంప్యూటర్లకి తలా ఒక అడ్రస్ ఇచ్చి, బయటి నుంచి వచ్చిన జవాబు ఎవరు అడిగినదో పోర్టు నంబర్లతో (ఇవి వెనకున్న రంధ్రాలు కావు, డేటా మీద వేసే గుర్తు నంబర్లు) లెక్క పెట్టుకుంటుంది. నాట్ అంటే ఇదే. స్విచ్‌కి ఈ లెక్కలు రావు.

రౌటర్ లేకుండా ఒక కంప్యూటర్ ద్వారా రెండోదానికి నెట్ ఇచ్చే పాత పద్ధతి కూడా ఉంది, 1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌తో వచ్చింది, ఇప్పటి విండోస్‌లోనూ పనిచేస్తుంది. కానీ మొదటి కంప్యూటర్ స్లీప్‌లోకి పోయిందంటే రెండోదానికి నెట్ పోయినట్టే. ఒకటి రెండు రోజుల అవసరానికైతే పర్లేదు, రోజూ వాడటానికి నేనైతే వద్దంటాను.

కొత్త రౌటర్ తెచ్చి, పాత డబ్బాలో రౌటర్ ఉందని తెలియక దాని వెనక తగిలించేవాళ్లూ ఉన్నారు. నెట్ వస్తుంది కాబట్టి అనుమానం రాదు, కానీ నాట్ రెండుసార్లు జరుగుతుంటుంది, ఒక కంప్యూటర్ పాతదానికీ ఇంకోటి కొత్తదానికీ కలిసి ఉంటే ఒకదాంట్లో షేర్ చేసిన ఫోల్డరూ ప్రింటరూ ఇంకోదానికి కనబడక తల తినేస్తాయి. కొత్తదాంట్లో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి అడ్రసులు పంచే సదుపాయం) ఆపేసి, దానికి పాత డబ్బా వరసలోనే ఇంకెవరూ వాడని అడ్రస్ ఒకటి ఇచ్చి, పాత డబ్బా నుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉండేది) కాకుండా లాన్ పోర్టులో పెడితే గొడవ వదిలిపోతుంది.

నిజానికి అసలు తలనొప్పి రెండూ కనెక్ట్ అయ్యాకే మొదలవుతుంది. ఇటు వీడియో కాల్, అటు ఎవరో ఫోటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తున్నారు, కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. స్పీడ్ చాలట్లేదని పెద్ద ప్లాన్‌కి మారిపోకండి. అప్‌లోడ్ జరుగుతుండగానే ఒక కమాండ్ కిటికీలో పింగ్ కమాండ్ (జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూపేది) పెట్టి చూడండి: మామూలప్పుడు 20 మిల్లీసెకన్లు ఉండేది వందల్లోకి ఎగబాకుతుంటే, మోడెమ్‌లో ఫోటోల డేటా బారులు తీరి, మీ మాట దాని వెనక నిలబడి ఉందన్నమాట. క్లౌడ్ యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి అప్‌లోడ్‌కి ఒక పరిమితి పెడితే చాలాసార్లు సరిపోతుంది. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (డేటా బారులు తీరకుండా స్పీడ్‌ని అదుపు చేసే సెట్టింగ్) ఉంటే ఇంకా మంచిది, నిజంగా వచ్చే స్పీడ్‌లో 90 శాతం దగ్గర పెట్టి అక్కడి నుంచి అటూ ఇటూ జరిపి చూడండి. పది శాతం పోయిందే అని బాధపడేవాళ్లు ముందు పింగ్ చూసి తర్వాత బాధపడండి!

కొందరు ప్రొవైడర్లు మొదట పెట్టిన కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌కే (దాని నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తు నంబరు) కనెక్షన్ కట్టేస్తారు. రౌటర్ పెట్టగానే నెట్ రాకపోతే దాని సెట్టింగుల్లో మ్యాక్ క్లోన్ అని ఉంటుంది, ఆ మొదటి కంప్యూటర్ నుంచే అది నొక్కండి, రౌటర్ దాని నంబరుతోనే కనబడుతుంది. ఇక టేబుల్ మీద కదలకుండా ఉండే కంప్యూటర్‌కి వైఫై ఎందుకు, కేబులే వేయండి. గిగాబిట్ (సెకనుకి 1000 మెగాబిట్లు) రావాల్సిన చోట 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతే డ్రైవర్ల జోలికి పోకుండా ముందు కేబుల్ మార్చి చూడండి, గిగాబిట్‌కి లోపలి ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు.