కుడిపక్క మూస్తే తేడా తెలిసింది

జపాన్‌కు వచ్చిన కొత్తలో అడ్రస్ నమోదు చేయించుకోవడానికి వార్డు ఆఫీసుకు వెళ్లాను. మెషీన్ మీద అతికించిన కాగితంలో ఒకే కంజి, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరం, రెండుసార్లు ఉన్నట్టు కనిపించింది. ఎదురుచూడటం అనే అర్థమున్న ‘మత్సు’ నాకు అప్పటికే వచ్చు. కూర్చోమంటున్నారని కూర్చున్నాను. నలభై నిమిషాలు గడిచాయి. నా వెనక వచ్చినవాళ్లు పని చూసుకుని వెళ్లిపోతున్నారు. ఒకటే టెన్షన్. చివరికి పక్కనున్న పెద్దావిడ నా ఖాళీ చేతులు చూసి, లేచి వెళ్లి టోకెన్ తీసుకొచ్చి ఇచ్చింది.

ఆ కాగితంలో ఉన్నది ‘బంగోఫుద ఒ మొత్తె ఒమచి కుదసాయ్’. టోకెన్ పట్టుకుని వేచి ఉండండి అని. మొదటి కంజి ‘మొత్సు’, అంటే పట్టుకోవడం. రెండోది ‘మత్సు’.

శనివారం జపనీస్ క్లాసులో సెన్సేకి, అంటే మా టీచరుకి, ఈ సంగతి చెప్పాను. ఆవిడ రెండు అక్షరాలనూ పెద్దగా రాసి, కుడివైపు సగాలను అరచేతులతో మూసేశారు. మిగిలిన ఎడమ ముక్కల్లో ఒకటి చెయ్యి: కింద కొక్కెంలా తిరిగిన నిలువు గీత, దాన్ని కోస్తూ రెండు గీతలు. రెండోది నడకకు గుర్తు: ఒకదాని కింద ఒకటి రెండు ఏటవాలు గీతలు, వాటి కింద ఒక నిలువు గీత. చేత్తో పట్టుకుంటాం, దారిలో ఎదురుచూస్తాం. ఆవిడ చేతులు తీశాక చూస్తే కుడిపక్క రెండింటికీ ఒకటే, ‘తెర’, అంటే గుడి.

పట్టుకోవడానికీ గుడికీ సంబంధం ఏమిటని అడిగాను. గుడి అక్కడ ఉన్నది శబ్దం కోసమట. గుడి పక్కన సూర్యుణ్ణి పెడితే కాలం, మనిషిని పెడితే సమురాయ్. చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలో గుడి, కాలం, సమురాయ్, పట్టుకోవడం అన్నీ ‘జి’యే. మత్సు ఒక్కటే ‘తాయ్’ అయింది. అది విన్నాక నాకు కంజి మీద భయం పోయి ఇష్టం మొదలైంది.

అంతవరకు యాప్‌లో రోజుకు ఇరవై కంజి చూసేదాన్ని. ఒక్కోటి విడిగా వస్తుంది కాబట్టి అన్నీ వచ్చేసినట్టే ఉండేది. పోలిక ఉన్నవాటిని పక్కపక్కన చేత్తో రాస్తే తప్ప తేడా పట్టుబడదు. చిన్నప్పుడు థ పొట్టలో చుక్క మరిచిపోతే పలక తుడిచి మళ్లీ రాయించేవారు కదా, అలాగే.

గీత పొడవుతోనే అర్థం మారిపోయేవి ఇంకా కష్టం. చెట్టు బొమ్మకు పైన పొట్టి గీత చేరిస్తే ‘ఇంకా కాలేదు’, పొడుగు గీత చేరిస్తే ‘చివర’. వీటిని విడి అక్షరాలుగా ఎన్నిసార్లు రాసినా నిలవలేదు. మాటలుగా పట్టుకున్నాను: మొదటిది ‘మిరాయ్’, భవిష్యత్తు. రెండోది ‘షూమత్సు’, వారాంతం.

మొన్న ఐదో తరగతి చదివే మా పాప ‘సేసెకి’, ‘మెన్‌సెకి’ అన్న మాటలు తెచ్చింది. ఒకటి బడి మార్కులు, ఇంకోటి వైశాల్యం. రెండింటి చివరా వచ్చే ‘సెకి’కి శబ్దం ఒకటే, కుడిపక్క కూడా ఒకటే. నేను అరచేత్తో కుడిపక్క మూశాను. పాప వంగి చూసింది. మార్కులకు దారం, వైశాల్యానికి ధాన్యపు కంకి.