కొండ కుడేపునుంటే చాలు

తొలిపావంచా దగ్గర నేను కొట్టిన కొబ్బరికాయ పగల్లేదు. అప్పటికే అక్కడ వేల కాయలు కొట్టేసి ఉన్నారు. నీళ్ళు కాలవలా పారుతున్నాయి, కాలు పెడితే జారుతోంది, జారకుండా గట్టిగా నిలబడితే చిప్పముక్కలు గుచ్చుకుంటున్నాయి. నా కాయ రాతికి తగిలి బంతిలా ఎగిరి పక్కావిడ బుట్టలో పడింది. ఆవిడ చూసి నవ్వి తిరిగిచ్చేసింది.

"పర్నేదు, మళ్ళీ కొట్టు. కాయకేటి కోపమొస్తదా," అంది మా మేనత్త కొంగు నడుముకి దోపుకుంటూ.

పావంచా అంటే మెట్టు. సింహాచలం కొండెక్కే వెయ్యి పైచిలుకు మెట్లలో మొట్టమొదటిది తొలిపావంచా. గిరి ప్రదక్షిణకి వచ్చినవాళ్ళు ఆ మెట్లెక్కరు. మొదటి మెట్టుకి దండం పెట్టి, కాయ కొట్టి, కొండని కుడిచేతి వైపు ఉంచుకుని నడక మొదలుపెడతారు. 32 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ ఆ మెట్టు దగ్గరికే వస్తారు. ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు ఈ నడక. మర్నాడు పౌర్ణమికి కొండ మీది వరాహ నరసింహస్వామికి, అంటే మా అప్పన్నకి, ఆ ఏటి ఆఖరి విడత చందనం పూస్తారు.

నేను పుట్టి పెరిగింది గోపాలపట్నంలో. మా డాబా మీంచి సింహాచలం కొండ కనిపించేది. పరీక్షలకి చదివినా, గాలిపటం ఎగరేసినా, వానొస్తుందా రాదా అని చూసినా అదే కొండ. అయినా ఒక్కసారీ ప్రదక్షిణ చెయ్యలేదు. హైదరాబాదులో ఎవరైనా "మీది సింహాచలం దగ్గరేగా, గిరి ప్రదక్షిణ చేసే ఉంటారు" అంటే "ఊఁ" అని నమిలేసేవాణ్ణి. కొండ ఎక్కడికీ పోదు కదా అనుకుంటూ 42 ఏళ్ళు గడిపేశాను.

ఈసారి తప్పలేదు. నాన్నకి గుండె ఆపరేషనైనప్పుడు మా అత్త, "తమ్ముడు లేచి తిరిగితే ఆడి కొడుకుని తీసుకొచ్చి నీ కొండ సుట్టూ తిప్పుతానయ్యా" అని అప్పన్నకి మొక్కేసుకుంది. నన్నొక మాట అడక్కుండా నా కాళ్ళు మొక్కేసిందన్నమాట. నాన్న లేచాడు, తిరిగాడు, ఇప్పుడు పొద్దున్నే వాకింగుకి కూడా వెళ్తున్నాడు. ఇక నాకు తప్పించుకునే దారేదీ?

అత్తది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఆవిడకిది తొమ్మిదోసారి. ఆవిడ గుడ్డసంచిలో అటుకులు, బెల్లంముక్క, చిన్న సీసాలో కొబ్బరినూనె, పాత చీరముక్క, ఆధార్ కార్డు జెరాక్సు, అంతే. నా బ్యాగులో పవర్ బ్యాంకు, నొప్పుల స్ప్రే, ఓఆర్ఎస్ పాకెట్లు, రెండు జతల మందపాటి సాక్సు. సాక్సు తొడుక్కుంటే చెప్పుల్లేనట్టే లెక్క కదా అని అడిగాను.

"అప్పన్నకి తెల్దనుకున్నావేటి," అంది.

మధ్యాహ్నం పుష్పరథం కదలకముందే మేం బయల్దేరాం. రథంతో పాటు వెళ్తే జనంలో నలిగిపోతామని అత్త లెక్క. ఆ లెక్కలో ఎండ లేదు. ఆషాఢం కదా, చల్లగా ఉంటుందనుకున్నాను. వాన జాడ లేదు, ఉక్కపోత, తారురోడ్డు పెనంలా ఉంది. అయినా అత్త హాయిగా నడిచిపోతుంటే ఎలాగా అని చూశాను. రోడ్డు అంచున వేసే తెల్ల చార ఉంటుందే, దాని మీద నడుస్తోంది. ఆ చార తారంత కాలదు. ముందుకి చూస్తే కొన్ని వందలమంది చీమలబారులా ఆ జానెడు చార మీదే వరసగా నడుస్తున్నారు. ముందున్న మనిషి ఆగితే వెనకున్న వందమందీ ఒంటికాలి మీద ఆగుతున్నారు. అక్కడక్కడా ఇళ్ళవాళ్ళు గొట్టాలతో రోడ్డు తడుపుతున్నారు. తడిరోడ్డు మీద పాదం పెట్టగానే "అప్పన్నా" అనే మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. నా నడకలో మొదటి నిజమైన గోవింద అదే.

అడవివరం దాటాక కొండ దగ్గరికొచ్చింది. ఊరి పేరులో ఉన్న అడవి ఇప్పుడు రోడ్డు మీద లేదు, వాలు మీద ఉంది. పనస, జీడిమామిడి, వాటి నీడన అనాస. కొండ వాలు మీద తోటలు వేసుకున్నవాళ్ళు రోడ్డు పక్కన పళ్ళు కుప్పలు పోసి కూచున్నారు. ఒక ముసలాయన దొన్నెలో సింహాచలం సంపెంగలు పెట్టుకున్నాడు. ఆ పువ్వు దూరం నుంచే పిలుస్తుంది. అత్త రెండు కొని, ఒకటి జడలో పెట్టుకుని, ఒకటి నా చొక్కా జేబులో పడేసింది. తెల్లారేదాకా, చెమటకి చొక్కా బిగుసుకుపోయాక కూడా, ఆ జేబు వాసన పోలేదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ కొండలన్నీ బోడిగుండులయ్యాయి. తుఫాను వెళ్ళిన వారానికి నేను ఊరొచ్చి చూస్తే పచ్చదనమే లేదు, ఎవరో కాల్చేసినట్టు గోధుమరంగు. ఇక ఈ కొండ ఇంతేననుకున్నాను. ఇప్పుడు మళ్ళీ దట్టంగా ఉంది. "అప్పన్నకి అప్పుడు గుండు సేయించీసినారు, జుట్టు మొలిసింది," అంది అత్త. అటవీశాఖ ఎన్ని మొక్కలు నాటిందో ఏమో గానీ నాకీ వివరణ నచ్చింది.

సెంట్రల్ జైలు గోడ పక్కనుంచి ముడసర్లోవ చేరేసరికి కుడికాలి సాక్సుకి మడమ దగ్గర చిల్లు పడింది. చిల్లులోంచి ఇసుకరాళ్ళు లోపలికి పోయాయి, బయటికి రావు. విప్పి బ్యాగులో కుక్కేశాను. అత్త చూసింది, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడంలోనే అంతా ఉంది.

ముడసర్లోవ జలాశయం గట్టున కాసేపు నిలబడ్డాం. నీళ్ళ మీద తేలే సోలార్ పలకలు, వాటి వెనక కొండల వరస, ఆ పక్కకి కంబాలకొండ అడవి. ఇక్కణ్ణుంచి సింహాచలం కొండని గుర్తుపట్టలేకపోయాను. మా డాబా మీంచి చూస్తే దానికో ఆకారం ఉండేది, పడుకున్న ఎద్దు మూపురంలా. ఇక్కడ మూపురమూ లేదు, ఎద్దూ లేదు. ఒకదాని వెనకొకటి మడతలు, మడతల మధ్య లోయలు, లోయల్లో మబ్బునీడలు. ఇన్నాళ్ళూ నేను చూసింది కొండని కాదు, ఒక పక్కని.

అదే అన్నాను అత్తతో. ఆవిడ నవ్వింది. "ఆయన్నే ఏడాదికో రోజు సూస్తాం. కొండనేటి, పూర్తిగా సూసీసినావా?"

నిజమే. అప్పన్న ఏడాది పొడుగునా చందనం కింద ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయకి, ఆ పూత ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రే మూడు మణుగుల చందనం, సుమారు 125 కిలోలు, మళ్ళీ పూసేస్తారు. వైశాఖ పౌర్ణమికి, జ్యేష్ఠ పౌర్ణమికి, ఆషాఢ పౌర్ణమికి అంతంత చొప్పున ఇంకో మూడు విడతలు. ఆ పన్నెండు మణుగుల కింద వరాహ ముఖమూ తెలీదు, నరసింహ రూపమూ తెలీదు, లింగంలా ఉంటాడు స్వామి. పూత పూర్తిగా కప్పేసే పౌర్ణమికి ముందురోజే మనం చుట్టూ తిరుగుతాం. కనబడని దేవుడి కోసం, సగమే కనబడే కొండ చుట్టూ.

హనుమంతవాక దగ్గర హైవే దాటి విశాలాక్షినగర్ మీదుగా దిగితే జోడుగుళ్ళపాలెం. ముందు ఉప్పుగాలి, ఆ తర్వాత సముద్రం. చతుర్దశి చంద్రుడు అప్పటికే పైకొచ్చి, మబ్బుల్లోంచి ఒకసారి కనిపించి ఒకసారి దాక్కుంటున్నాడు. నీళ్ళలో పోలీసులు తాడు పట్టుకుని నిలబడి "లోపలికెళ్ళకండమ్మా" అని మైకులో అరుస్తున్నారు. వినేవాళ్ళెవరు? అత్త మోకాలి లోతుకి దిగి మూడు మునకలేసి, నా నెత్తిన దోసెడు నీళ్ళు పోసింది. చీరుకుపోయిన మడమకి ఉప్పునీళ్ళు తగిలి ప్రాణం పోయింది, తర్వాత హాయిగా అనిపించింది.

అక్కడే తప్పిపోయాను. తడిబట్టలు మార్చుకుని వచ్చేసరికి అత్త లేదు. ఆవిడకి ఫోను లేదు. నా ఫోను నంబరు చీటీ మీద రాసి కొంగుకి కట్టానుగా, ఫోను మాత్రం ఛార్జింగైపోయి చచ్చింది. పవర్ బ్యాంకు వైరు మర్చిపోయాను. జనం ఎటు తోస్తే అటు, అప్పూఘర్ వైపు వెళ్ళాను. తప్పెటగుళ్ళ బృందమొకటి రొమ్ముల మీది రేకుపళ్ళేలు వాయిస్తూ ఎగురుతోంది, చుట్టూ జనం. అందులోనూ లేదు. అరగంట తిరిగాక ఏదో శిబిరం మైకులోంచి వినిపించింది: "చిన్నోడు అనే బాబు తప్పిపోయాడు. వయసు..." మైకు ఆగింది. వెనక ఏదో మాట్లాడుకున్నారు. "వయసు 42. నీలం చొక్కా, కళ్ళద్దాలు. చిన్నోడూ, మీ మేనత్త గారు మజ్జిగ దగ్గర ఉన్నారు."

నీలం చొక్కా కళ్ళద్దాల వైపు చుట్టూ ఉన్న ఓ యాభైమంది తిరిగారు. చెయ్యెత్తి, తలొంచుకుని మజ్జిగ దగ్గరికి వెళ్ళాను. అత్త రెండో గ్లాసు తాగుతోంది. "నువ్వు తప్పిపోనావని సెప్పించినాను. నానెక్కడికీ తప్పిపోలేదు కదా," అంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. సముద్రం దగ్గర ఎక్కువసేపు కూచోకండి. అత్త వద్దన్నా వినకుండా నేను ఇసుకలో ఇరవై నిమిషాలు కూలబడ్డాను. లేవబోతే తొడలు రాళ్ళయ్యాయి. ఎంవీపీ కాలనీ డబుల్ రోడ్డంతా బాతులా నడిచాను. తడి పంచెతో నడిస్తే తొడలు ఒరుసుకుంటాయి, పొడిది దగ్గరుంచుకోండి. తిండి గురించి బెంగ అక్కర్లేదు. పులిహోర, దద్దోజనం, అరటిపళ్ళు, మజ్జిగ, టీ అడుగడుక్కీ పెడతారు, వద్దంటే బతిమాలతారు. ఒకచోట కాలేజీ పిల్లలు దారినపోయేవాళ్ళ కాళ్ళకి నూనె రాస్తున్నారు. నా కాళ్ళు పట్టుకోబోతే సిగ్గేసి వెనక్కి లాక్కున్నాను, అత్త మందలిస్తే చాపాను. కానీ ఆ ప్లేట్లూ గ్లాసులూ నీళ్ళ పాకెట్లూ అన్నీ రోడ్డు మీదే. వెంకోజీపాలెం దాటాక చీకట్లో పులిహోర మెతుకుల మీద నడిచాను చాలాదూరం. అన్నం తొక్కితే పాపమని పెంచారు మనల్ని. పెట్టే చేతులు పెట్టడం దగ్గరే ఆగిపోతున్నాయి, తినే చేతులు మరీ ఘోరం.

ఇసుకతోట, సీతమ్మధార. ఈ దారిలో కొండ కనబడదు, మేడలే. కానీ పేర్లలో ఉంది. కొండ మీద గంగధార ఉంది, అప్పన్న అభిషేకానికి నీళ్ళు దానివే. ఇటు దిగువన సీతమ్మధార, మాధవధార. కొండ నీళ్ళు దిగిన చోటల్లా జనం పేరు పెట్టుకున్నారు. తర్వాత ఆ పేర్ల మీద కాలనీలు కట్టుకున్నారు.

మాధవధార చేరేసరికి అర్ధరాత్రి దాటింది. అక్కడ మాత్రం ధార ఇంకా ధారగానే ఉంది. మాధవస్వామి గుడి పక్కన నీళ్ళ కింద జనం వంతులవారీగా తల పెడుతున్నారు. పైకి చూస్తే చెట్లు, చెట్ల పైన నల్లటి కొండ. ఈ పక్కనుంచి కొండ మీదుగా అవతలి గుడికి పాత మెట్లదారి ఉంది. మా తాత దానిమీదే వెళ్ళేవాడట, భుజాన చంటి అత్తని ఎక్కించుకుని. అత్త ఆ దారి వైపు చూసి, "నాకేటీ గుర్తు నేదు. నాన్న మెడకాడ సెమట వాసనొక్కటే గుర్తు," అంది. ఇద్దరం ధార కింద నిలబడ్డాం. ఆ చలికి నిద్ర ఎగిరిపోయింది.

ఎన్ఏడీ కూడలి దాటి గోపాలపట్నంలో అడుగుపెట్టాక మా పాత వీధి మొదట్లో ఆగాను. మా ఇంటి చోట అయిదంతస్తులు లేచాయి. దానిముందు ఇంకో అయిదంతస్తులు. ఎంత మెడ సాచినా మూపురం కనబడలేదు. అత్త చెయ్యి పట్టుకుని లాగింది. "కుడేపునే ఉందిరా. కనబడకపోతే నేదనా? నడు."

ప్రహ్లాదపురం, గోశాల. చివరి మూడు కిలోమీటర్ల గురించి చెప్పడానికేమీ లేదు. కాలు ముందు కాలు.

తొలిపావంచా దగ్గర తెల్లవారుజామున కూడా అదే జారుడు, అవే చిప్పలు. ఈసారి కాయ ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది. ఎగిరి కొట్టే సత్తువ లేక మెల్లిగా కొట్టాను, అందుకేనేమో. పైకెళ్ళి దర్శనం చేసుకుందామా అని అడిగాను. అత్త మెట్ల వైపు చూసి, మొదటి మెట్టు మీద కూచుని, చీరముక్కతో పాదాలు తుడుచుకుని కొబ్బరినూనె రాసుకుంది. "మొక్కింది సుట్టూ తిప్పుతాననే. పైకెక్కిస్తాననలేదు." మిగిలిన నూనె నా మడమకి రాసింది. ఆరున్నరకి విజయనగరం బస్సెక్కించాను. సీట్లో కూర్చోగానే కిటికీకి తలానించి నిద్రపోయింది.

ఆ సాయంత్రం నేను సికింద్రాబాదు రైలెక్కాను. మర్రిపాలెం దాటాక పక్కసీటాయన్ని బతిమాలి కిటికీ దగ్గరికి మారాను. మేడల మధ్య సందుల్లోంచి కాసేపు కొండ కనిపించింది. కుడివైపే ఉంది.