ఆరోపణ ఉన్న ఆటగాడిని ఆడించాలా?

కావలి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల పిల్లలకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయ కబడ్డీ జట్టులో చోటు దొరకడం చిన్న సంగతి కాదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల సర్టిఫికెట్ రేపు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పనికొస్తుందని ఇంటిల్లిపాదీ ఆశపడతారు. అందుకే, ర్యాగింగ్ లాంటి ఫిర్యాదు వచ్చిన ఆటగాడిని ఆడనివ్వాలా వద్దా అన్నది తేలిగ్గా తేల్చే విషయం కాదు.

నేను చూసిన అర్హత ఫారాల్లో పుట్టిన తేదీ, ఇంటర్ పాసైన సంవత్సరం, ప్రస్తుత తరగతి, ప్రిన్సిపాల్ సంతకం, సీలు ఉంటాయి. నడవడికకు గడి ఉండదు. ఆ నియమం వేరే చోట ఉంది. యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లోని శిక్షల్లో, కళాశాల తరఫున ఏ పోటీలోనూ పాల్గొననివ్వకపోవడం ఒకటి. మన రాష్ట్ర 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం ఫిర్యాదు అందగానే కళాశాల అధిపతి విచారించి, ప్రాథమికంగా నిజమనిపిస్తే విద్యార్థిని సస్పెండ్ చేయాలి. అంటే కోర్టు తీర్పు దాకా ఆగమని చట్టం చెప్పలేదు, విచారణ లేకుండా తీసెయ్యమనీ చెప్పలేదు.

ఆచరణలో ఈ విచారణే జారిపోతుంది. మంచి రైడర్ మీద ఫిర్యాదు వస్తే "టోర్నమెంట్ అయ్యాక చూద్దాంలే" అంటారు; బెంచీ మీది కుర్రాడి పేరు స్టేషన్‌లో వినిపిస్తే, కాగితం ముక్కైనా ఇవ్వకుండా జాబితాలోంచి తీసేస్తారు. రెండూ అన్యాయమే, మొదటిది మరీ అన్యాయం, ఎందుకంటే ధైర్యం చేసి నోరు విప్పిన జూనియర్ మర్నాడు అదే గ్రౌండులో అతనికి ఎదురుపడాలి.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 2023 డిసెంబరులో అత్యాచార అభియోగం ఎదుర్కొన్న బాస్కెట్‌బాల్ ఆటగాడు టెరెన్స్ షానన్‌ను సస్పెండ్ చేస్తే, తగిన ప్రక్రియ పాటించలేదన్న వాదనపై 2024 జనవరిలో ఫెడరల్ న్యాయమూర్తి అతన్ని తిరిగి ఆడనివ్వమన్నారు. జూన్‌లో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. ఇండియానా విశ్వవిద్యాలయం 2017లో పెట్టుకున్న నిషేధం మాత్రం లైంగిక హింస నేరం రుజువైనవారికీ, విద్యాసంస్థ విచారణలో బాధ్యులని తేలినవారికీ వర్తిస్తుంది.

మన కళాశాలల్లో ఈ నిర్ణయం పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) చేతిలోనో, జట్టు గెలుపు కోరే మరెవరి చేతిలోనో ఉండకూడదు. క్రీడా విభాగంతో సంబంధం లేని కమిటీ ఇరువురి మాటా విని, ఆటగాడిని పక్కన పెడితే కారణమూ, తిరిగి పరిశీలించే తేదీ వేసి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు కాపీ ఆటగాడికీ, ఫిర్యాదు చేసిన విద్యార్థికీ ఒకే రోజున అందాలి.